మా తమ్ముడికి మూడు కిడ్నీలు

"మానవ శరీరం గురించి మిమ్మల్ని అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన నిజం ఏమిటి?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకు చాలామంది ఎముకల సంఖ్యో, పేగుల పొడవో రాస్తారు. నేను మా ఇంట్లో చూసినది రాస్తాను.

మా చిన్న తమ్ముడి ఒంట్లో మూడు కిడ్నీలున్నాయి. రెండు పుట్టుకతో వచ్చినవి, మూడోది నాది. కిడ్నీ మార్పిడి అంటే పాడైనవి తీసేసి ఆ చోట కొత్తది పెడతారని నేనూ అనుకునేదాన్ని. సాధారణంగా పాతవాటి జోలికి పోరు. వెన్ను వైపు, చివరి పక్కటెముకల చాటున, ఉన్నచోటే వాటిని వదిలేస్తారు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కకు, తుంటి ఎముక లోపలి గుంటలో అమరుస్తారు. కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలు అక్కడే ఉంటాయి, మూత్రాశయమూ దగ్గరే. ధమని, సిర, మూత్రనాళం, ఈ మూడింటినీ కలిపి కుడతారు. నరాలు కలపరు. మెదడు నుంచి ఒక్క తీగ కూడా లేకుండా, తన దగ్గరకు వచ్చే రక్తాన్ని చూసుకుని అది తన పని తాను చేసుకుపోతుంది. డాక్టరు ఈ మాట చెప్పినప్పుడు నమ్మలేక రెండోసారి అడిగాను.

వాడికి ముప్పై రెండేళ్లప్పుడు తలనొప్పులు మొదలయ్యాయి. ఎరువుల దుకాణంలో పొద్దస్తమానం నిలబడడం వల్లనేమో అనుకుని, వీధి చివర మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగేవాడు. చీటీ అడిగినవాళ్లు లేరు, బీపీ చూసినవాళ్లు లేరు. కాళ్లకు నీరొచ్చి ఆసుపత్రికి వెళ్లేసరికి కిడ్నీలు రెండూ చిన్నవైపోయాయి. ఆ దశలో అసలు కారణం ఏమిటో తేల్చి చెప్పలేమన్నారు డాక్టర్లు. నేను మాత్రం ఆ మాత్రలే కారణమని ఈ రోజుకీ అంటాను. ఒళ్లు నొప్పులంటే చాక్లెట్లలా పంచిపెట్టే ఆ గోళీలను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తరువాత వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు రాత్రీ పగలూ కలిపి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నర మాత్రం బయటకు పంపి, మిగిలినదంతా తిరిగి రక్తంలో కలిపేస్తాయి. దానికి బదులు వారంలో పన్నెండు గంటల యంత్రం! డయాలసిస్ కోసం వాడి ఎడమ మణికట్టు దగ్గర ధమనిని సిరతో కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. ధమని రక్తం ఒత్తిడికి సన్నని సిర కొన్ని వారాల్లో తాడులా లావెక్కింది. దాని మీద చెయ్యి వేస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మని అదురు. చెవి ఆనిస్తే హోరు. నిద్రలో ఆ హోరు ఆగిపోతుందేమోనని మా మరదలు రాత్రుళ్లు లేచి వాడి చెయ్యి పట్టుకుని చూసేది.

ఒంట్లో రక్తం తయారవ్వాలని ఎముకల్లోని మజ్జకు కబురు పంపేది కూడా కిడ్నీయే అని అప్పుడే తెలిసింది. ఆ హార్మోను తగ్గిపోవడంతో వాడి హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. ఇది తెలియని చుట్టాలు రక్తం పట్టడానికని దానిమ్మ పండ్లు, చలవకని కొబ్బరి బోండాలు మోసుకొచ్చేవారు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని మనిషిలో అది పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. దయచేసి ఎవరైనా డయాలసిస్ రోగిని చూడటానికి వెళ్తే ఒట్టి చేతులతో వెళ్లండి. ప్రేమతో తెచ్చిన బోండాం మీద ఒకసారి మా అమ్మకూ మా పిన్నికీ మాటలు పోయాయి.

కిడ్నీ ఇవ్వడానికి అమ్మకు చక్కెర జబ్బు అడ్డం వచ్చింది. మరదలి బ్లడ్ గ్రూపు కలవలేదు. నాదీ, మా పెద్ద తమ్ముడిదీ కలిసింది. మరి వాడిని ఎవరూ అడగలేదు. "సంపాదించే మగవాడు" అన్నారు. నేను ఇష్టంగానే ఇచ్చాను, మళ్లీ ఇవ్వగలిగితే మళ్లీ ఇస్తాను. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. మన దేశంలో బతికుండగా అవయవాలు ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, తీసుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఆడవాళ్ల కిడ్నీకి కోత నొప్పి తక్కువని ఏ వైద్య గ్రంథంలోనూ లేదు.

2015 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఆపరేషను జరిగింది. నా ఎడమ కిడ్నీ తీశారు. ఆ వైపు సిర పొడవుగా ఉంటుంది కాబట్టి కుట్టడం సులువట. బయటకు తీసి చల్లటి ద్రవంతో కడిగితే అది బూడిద రంగుకు మారుతుందనీ, తమ్ముడి నాళాలకు కుట్టి బిగింపులు వదలగానే గులాబీ రంగు తిరిగి వచ్చిందనీ, కొద్ది నిమిషాల్లోనే మూత్రం చుక్కలు కట్టిందనీ తరువాత సర్జన్ గారు చెప్పారు.

నాకు మెలకువ వచ్చింది వేరే గదిలో. తమ్ముడు అద్దాల గదిలో ఉన్నాడు. ఇద్దరి మధ్యా అమ్మే కబురు. పదకొండు నెలలుగా వాడికి రోజుకు అరగ్లాసు మూత్రం కూడా వచ్చేది కాదు. అందుకే నీళ్లు కూడా సీసాకు గీత గీసుకుని, ఐసు ముక్క చప్పరిస్తూ తాగేవాడు. ఆ సాయంత్రం అమ్మ తలుపు తోసుకొచ్చి "మూడొందలు వచ్చిందటమ్మా, గంటలోనే" అంది. నేను కళ్లు మూసుకోగానే మళ్లీ వచ్చింది: "ఇంకో నాలుగొందలట." నర్సు కొలజాడీలో పోసి అంకె రాసుకోవడం అద్దంలోంచి చూస్తూ, ప్రతి గంటకూ నడవా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. తెల్లవారేసరికి ఆరు లీటర్లు దాటింది. "అంతా నీదేనమ్మా" అని నా పాదాలు పట్టుకోబోయింది. మూత్రం కొలతలు విని ఆనందంతో ఏడ్చిన ఇల్లు మాది.

నాలుగు రోజుల్లో నేను ఇంటికొచ్చాను. వచ్చింది మొదలు "బిందె ఎత్తకు, మెట్లు ఎక్కకు, ఒక కిడ్నీతో ఎన్నాళ్లుంటావు" అనేవాళ్లే. వాళ్లకు నేను చెప్పే సమాధానం ఒకటే. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం ప్రపంచంలోనే మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసింది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకేలా ఉండే కవలలు. ఇచ్చిన అన్నదమ్ముడు 79 ఏళ్లు వచ్చేదాకా, 2010 వరకు బతికాడు. అంటే ఒక్క కిడ్నీతో 56 ఏళ్లు! ఒకటి పోయిందని తెలియగానే రెండోది కొద్ది వారాల్లో పెరిగి అదనపు భారం ఎత్తుకుంటుంది. నాకు మిగిలినది 11 సెంటీమీటర్లకు లోపు ఉండేది, ఇప్పుడు 12 దాటింది. నీళ్ల బిందె నేనే ఎత్తుతున్నాను.

కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఆపే మందుల అవసరం ఆ కవలలకు పడలేదు. మేము ఒక కడుపున పుట్టినా, నా కిడ్నీ వాడి ఒంటికి పరాయిదే. పదేళ్లయినా ఆ ఒళ్లు మరిచిపోలేదు. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మాత్రలు తప్పితే దాన్ని తరిమేయడానికి సిద్ధంగా ఉంటుంది. శరీరానికి ఉన్న ఈ పట్టుదలే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఏటా ఇద్దరం కలిసే పరీక్షలకు వెళ్తాం. పోయినసారి స్కానింగ్ గదిలో కొత్త డాక్టరమ్మ. నా కాగితాలు చూడకుండా మొదలుపెట్టి, కాసేపు వెతికి, "ఎడమ కిడ్నీ కనిపించడం లేదండీ, ఇదివరకు ఎవరైనా చెప్పారా?" అంది కంగారుగా. "అది బయట కుర్చీలో కూర్చుని ఉందమ్మా" అన్నాను. ఆమెకు అర్థమై, వాడిని లోపలికి పిలిచి పడుకోబెట్టి, పొత్తికడుపు మీద కుడి పక్కన పరికరం ఆనించింది. తెర నా వైపు తిప్పింది. చిక్కుడు గింజ ఆకారంలో బూడిద రంగు ముద్ద, దాని నిండా ఎర్రగా, నీలంగా మినుకుమినుకుమంటూ రక్తం పారుతోంది. "చూడక్కా, ఎలా ఉందో" అన్నాడు తమ్ముడు. దాన్ని నేను చూడటం అదే మొదటిసారి.