రోజంతా ఇంట్లోనే ఉండే మొగుడా!

సిరీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. అబ్బాయి నచ్చాడన్నావు, మాటతీరు నచ్చిందన్నావు, వాళ్లమ్మ కూడా మంచావిడలాగే ఉందన్నావు. చివర్లో గొంతు తగ్గించి, "కానీ పెద్దమ్మా, అతనిది వర్క్ ఫ్రమ్ హోమ్. రోజంతా ఇంట్లోనే ఉంటాడట. నా వల్ల కాదేమో" అన్నావు. మీ అమ్మ ఆ మాటకి నవ్వేసి ఊరుకుందట. ఊళ్లో ఎవరికైనా చెప్తే, మొగుడు ఇంటిపట్టున ఉంటాడని ఏడ్చే పిల్లని ఇప్పుడే చూస్తున్నాం అంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన మాధవరం పిల్లకి ఆ భయం రావడంలో వింతేముంది?

తాడేపల్లిగూడెంలో దిగి ఎవరినడిగినా మిలిటరీ మాధవరం అనే చెప్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికే 90 మందిని పంపిన ఊరు. ఇంటింటా గోడ మీద యూనిఫాంలో ఒక ఫొటో ఉంటుంది. ఇలాంటి ఊళ్లో పిల్లలు పెళ్లంటే ఏమిటో దేన్ని చూసి తెలుసుకుంటారు? సిపాయికి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. అదీ పై వాళ్లు ఇస్తే. అందులో జమ్మూ నుంచి రావడానికీ పోవడానికీ రైల్లో గడిచేవి తీసేయ్. ఆ మిగిలిన నాలుగు రోజుల్లో కనిపించిన అమ్మానాన్నలే మీకు తెలిసిన మొగుడూ పెళ్లాలు.

చుట్టీలో, అంటే సెలవు మీద ఉన్న మొగుడికీ మామూలు మొగుడికీ పోలిక ఉండదే. వచ్చిన వారం కోడికూర, చుట్టాలు, క్యాంటీన్ నుంచి తెచ్చిన సబ్బులూ బిస్కెట్లూ పంచిపెట్టడం. వెళ్లే వారం మీ అమ్మ పచ్చడి సీసాలకి గుడ్డలు చుట్టి నల్ల ట్రంకు పెట్టెలో సర్దుతూ ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఈ రెండింటి మధ్య పోట్లాడుకోవడానికి తీరికేదీ? పోట్లాడి అలిగి, మళ్లీ తెల్లారి కాఫీ దగ్గర మామూలైపోయే అమ్మానాన్నల్ని నువ్వు చూడలేదు. అందుకే ఇంట్లో గొంతు పెరిగితే చాలు నీకు కాళ్లూ చేతులూ ఆడవు.

2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యాన్ని సరిహద్దుకి తరలించారు. ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. మరుసటేడు అక్టోబరు దాకా సాగింది. మీ నాన్న యూనిట్ రాజస్థాన్ ఎడారిలో ఉంది. ఆయన చుట్టీ మీద వచ్చేసరికి నువ్వు మాటలు బాగా వచ్చిన పిల్లవి. మీ అమ్మ కొంగు వెనక నక్కి, "ఈయన ఎప్పుడెళ్తాడు?" అని గట్టిగా అడిగావు. వసారాలో ఉన్నవాళ్లందరూ పడీపడీ నవ్వారు. మీ నాన్నా నవ్వారు. తర్వాత పెరట్లోకి వెళ్లి, అప్పటికే శుభ్రంగా ఉన్న కాళ్లు బోరింగు దగ్గర చాలాసేపు కడుక్కున్నారు. నీకు గుర్తుండదు, గుర్తుండాలనీ లేదు. ఈ వయసులో ఆ అబ్బాయి గురించి నువ్వు అడుగుతున్నదీ ఇంచుమించు అదేనని చెప్పడానికి రాస్తున్నాను.

ఇక క్వార్టర్స్ రోజులు. కుటుంబాన్ని వెంట ఉంచుకోనిచ్చే పీస్ స్టేషన్ వస్తే గోల్కొండ, జోధ్‌పూర్, జలంధర్; ఉంచుకోనివ్వని ఫీల్డ్ పోస్టింగ్ వస్తే మీరు మళ్లీ మాధవరం. కేంద్రీయ విద్యాలయాల్లో చదివి హిందీ దంచేస్తావు, ఎవరితోనైనా పది నిమిషాల్లో కలిసిపోతావు. ఇవి చిన్న లాభాలు కావు. కానీ నీతో పాటు వచ్చిన ఇంకో అలవాటుంది, చూసుకో. జలంధర్‌లో ఎదురింటి పిల్లతో మాటలు పోయాయి. రాజీ పడేలోగా పోస్టింగ్ ఆర్డరు వచ్చింది, సామాను కట్టేశాం, గొడవ అక్కడే ఆగిపోయింది. హైదరాబాదులో కూడా నీ లెక్క అదే. రూమ్మేట్‌తో పడకపోతే హాస్టల్ మారావు, మేనేజరుతో పడకపోతే కంపెనీ మారావు. ప్రతిసారీ నీ దగ్గర మంచి కారణమే ఉంది, కాదనను. కానీ పెళ్లికి పోస్టింగ్ ఆర్డరు రాదు. ఎదుటి మనిషి అక్కడే కూర్చుని ఉంటాడు, ల్యాప్‌టాప్ పెట్టుకుని. నీ భయం అంతా ఆ కుర్చీ గురించేనని నా అనుమానం.

ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో ఇన్‌లాండ్ లెటరు మీద నంబరు, పేరు, యూనిట్టు, కేరాఫ్ 56 ఏపీఓ (సైన్యం పోస్టాఫీసు) అని రాసేవాళ్లం. లోపల మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: ఇక్కడ మేమంతా క్షేమం. నీకు టైఫాయిడ్ వచ్చి ఆస్పత్రిలో పెట్టిన వారంలో కూడా మీ అమ్మ అదే రాసింది. నేను పక్కనే ఉన్నాను, "రాయవే, తండ్రికి తెలియాలి కదా" అన్నాను. "అంత దూరంలో తెలిసి ఆయనేం చేస్తారక్కా, అన్నం మానేయడం తప్ప" అంది. నువ్వు లేచి తిరుగుతున్నప్పుడు తెలిపింది. ఆ రోజుకి అదే సరైన పని. మా ఆడవాళ్లందరం అలాగే చేశాం. పిల్లలు మాత్రం దాన్ని ఒక పద్ధతిగా నేర్చుకున్నారు: కష్టం తీరిపోయాకే కష్టం గురించి చెప్పాలని. నీ ఉద్యోగం పోయినప్పుడు కొత్తది దొరికాకే మాకు చెప్పావు. అదేదో ధైర్యమని అందరూ మెచ్చుకున్నారు. రేపు పక్క గదిలో ఉన్న మొగుడి దగ్గర ఇదే చేస్తే, వాడు మెచ్చుకోడు. నేనేమైనా పరాయివాడినా అంటాడు. అనాలి కూడా.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు మీ అమ్మానాన్నల కాపురం చూశాననుకుంటున్నావు. నువ్వు చూసింది అందులో సగం, అదీ ఉద్యోగం నడిపిన సగం. రెండో సగం మొదలయ్యేసరికి నువ్వు హాస్టల్లో ఉన్నావు. మీ నాన్న 24 ఏళ్ల సర్వీసు చేసి హవల్దారుగా పెన్షన్ మీద వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు నలభై మూడు. ఊళ్లో మిగతావాళ్లు ఆ వయసులో పిల్లల ఫీజుల గురించి పరుగులు పెడుతుంటే ఈయన పొద్దున్నే నాలుగున్నరకి లేచి, గడ్డం గీసుకుని, ఎటు వెళ్లాలో తెలియక అరుగు మీద కూర్చునేవారు. తర్వాత ఆయన కన్ను వంటింటి మీద పడింది. ఒకరోజు మీ అమ్మ గుడికి వెళ్లి వచ్చేసరికి డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టి, ఒక్కోదానికీ కాగితం అంటించి, మార్కరుతో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కందిపప్పు, మినప్పప్పు, జీలకర్ర అని రాసి ఉంచారు. గ్యాసు బండ ఎప్పుడు పెట్టారో గోడ మీద తేదీ వేశారు. మీ అమ్మ నా దగ్గరికొచ్చి, "ఇరవై ఏళ్లు ఆయన లేకుండా వండానక్కా, ఇప్పుడు ఉప్పు ఎక్కడుందో నాకే తెలియడం లేదు" అని ఏడ్చింది.

సెలవులకి ఇంటికొచ్చిన నీకు కనిపించింది ఆ రోజుల గొడవలే. అప్పుడే తీర్మానించుకున్నట్టున్నావు, మొగుడు దూరంగా ఉంటేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని. ఆ తర్వాత ఏం జరిగిందో నువ్వెప్పుడూ అడగలేదు. వంటిల్లు ఆమెది, పెరడూ బ్యాంకూ ఆయనవి అని పంచుకున్నారు. సాయంత్రం గంటన్నర ఆయన బయటికి పోవాల్సిందే, అది మీ అమ్మ పెట్టిన రూలు. ఎక్స్-సర్వీస్‌మెన్ అందరూ ఊళ్లో సైనికుల స్మారక స్థూపం దగ్గర కూర్చుని ఎవరి యుద్ధం వాళ్లు చెప్పుకుంటారు. కుదుటపడటానికి రెండేళ్లు పైనే పట్టింది. ఇప్పుడు ఆ కాగితాల్లో జీలకర్ర ఒక్కటే మిగిలింది, మీ అమ్మ దాన్ని పీకనివ్వదు. నన్నడిగితే వాళ్ల కాపురం మొదలైందే నలభై దాటాక.

అందుకని ముందు మీ అమ్మని అడుగు. పెళ్లి చేసుకోనా వద్దా అని కాదు. ఏ ఏళ్లు బాగున్నాయి, ఏవి నరకం, ఎందుకు అని అడుగు. నాన్న చుట్టీలో ఉన్నప్పటి కథలు చెప్పి దాటేయబోతుంది, వదలకు. మీ నాన్నని కూడా అడగొచ్చు. ఆయన సమాధానం సిట్‌రెప్‌లా, అదే సైన్యంలో పైకి పంపే పరిస్థితి రిపోర్టులా, మూడు ముక్కల్లో ఉంటుంది, అదీ వినదగ్గదే.

అందరికీ నీ కథే అనడం లేదు. మన వీధిలోనే ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు. ఒకతి ఫౌజీ తప్ప వేరేవాణ్ణి చేసుకోనంది, చేసుకుంది, హాయిగా ఉంది. రెండోది ఆ యూనిఫాం గుమ్మం తొక్కకూడదంది. ఒకే తండ్రి. ఆయన కశ్మీర్‌లో ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్‌లో చేసొచ్చాక రాత్రిళ్లు నిద్రపట్టక రమ్ము ఎక్కువ చేసినవాడు. పెద్దదానికి అప్పటికే పెళ్లయిపోయింది, ఆ రాత్రులు చిన్నది చూసింది. ఆ పిల్లకి "అందరూ అలా ఉండరమ్మా" అని బోధించే పెద్దలంటే నాకు ఒళ్లు మంట. ఆమె చూసింది ఆమె చూసింది. అటువంటి ఇంట్లో పెరిగినవాళ్లు సంబంధాలు చూసుకునే ముందు ఒక మంచి కౌన్సిలర్ దగ్గర కూర్చుంటే తప్పేం లేదు. నీ ఇల్లు అటువంటిది కాదు, కాబట్టి ఆ భయం అరువు తెచ్చుకోకు.

మీ తమ్ముడి కథ ఇంకో రకం, వాడికి విడిగా రాస్తాను. కరెంటు బిల్లు, ఆస్పత్రి, కౌలు లెక్కలు అన్నీ ఆడమనిషి ఒక్కతే చూసుకుంటుందని వాడి నమ్మకం, అమ్మని చూశాడు కదా. పెళ్లిలోపు వాడికి కుక్కర్ పెట్టడమైనా నేర్పాలి.

ఇప్పుడు ఈ అబ్బాయి. కాఫీ షాపులో కలిస్తే చుట్టీలో ఉన్న మనిషే కనిపిస్తాడు, ఎవడైనా. కుదిరితే వాడు పనిలో ఉన్న రోజు వాళ్లింటికి వెళ్లు, వాళ్లమ్మ ఉండగానే. మీటింగు మధ్యలో అమ్మ పిలిస్తే ఎలా పలుకుతున్నాడో చూడు. అన్నం ఆలస్యమైతే ఏం చేస్తాడో చూడు. నీ సంగతి నువ్వూ చెప్పు: నాకు రోజూ కాసేపు ఎవరూ మాట్లాడించకుండా కావాలి, తలుపు వేసుకుంటే కోపం వచ్చినట్టు కాదు అని. ఇది విని వాడు మొహం మాడ్చుకుంటే నీకు సంగతి తెలుస్తుంది. సరే, నాకెంతసేపు కావాలో నేనూ చెప్తాను అంటే, వాడితో పని నడుస్తుంది. ఇల్లు చూసేటప్పుడు రెండు గదులకి తలుపులున్నది చూడండి. అద్దె కాస్త ఎక్కువైనా సరే, బంగారంలో తగ్గించుకోండి.

ఇంకొకటి, పెళ్లికి ముందే ఏదో ఒక చిన్న విషయం మీద తేడా వస్తుంది. రానీ. కార్డుల డిజైనో, భోజనాల మెనూయో. అప్పుడు ఫోను పక్కన పడేసి మూడు రోజులు మాయమవకు, అది నీకు బాగా చేతనవును. అదే రోజు తేల్చుకో. ఓడిపోయినా పర్లేదు. ఒకసారి గొడవపడి ఇద్దరూ అక్కడే ఉండటం ఎలా ఉంటుందో నీకు తెలియాలి.

ఇదంతా చూశాక కూడా వద్దనిపిస్తే వద్దను. నేను మీ అమ్మతో మాట్లాడతాను. కానీ వాడు నచ్చలేదని చెప్పు, కుర్చీ నచ్చలేదని చెప్పకు.

కుదిరితే మాత్రం ఒక పని ఇప్పుడే మొదలుపెట్టించాలి. హవల్దారు ర్యాంకు వరకూ రిటైరైనవాళ్లకి ఇద్దరు కూతుళ్ల దాకా కేంద్రీయ సైనిక్ బోర్డు (మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్ర సంస్థ) పెళ్లి సాయం ఇస్తుంది. 50,000 ఉండేది, 2025 నవంబరు నుంచి లక్ష చేశారు. పెళ్లయిన 180 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో పెట్టాలి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు కాగితాలు చూస్తారు. మీ నాన్న డిశ్చార్జి బుక్కులో నీ పుట్టినతేదీ ఒకటుంది, పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంకొకటుంది. రికార్డ్స్ ఆఫీసు నుంచి అది సరయ్యి రావడానికి నెలలు పడుతుంది. నాన్నకి ఈ ఆదివారమే ఫోన్ చేసి చెప్పు, ఆధార్ కాపీ కూడా పంపు.

పెద్దమ్మ