కోచ్‌ని తిట్టే ముందు: మా తమ్ముడి కొడుక్కి ఉత్తరం

పుకీప్సీ, అక్టోబరు 23, 2023

చిరంజీవి చిన్నాకి,

శనివారం రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదురా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ చేతిలో మీ నేవీ అకాడమీ 17-6తో ఓడిందని నీ మంట. "ఈ కొత్త కోచ్ న్యూబెరీ ఎక్కడ దొరికాడు పెదనాన్నా, వెంటనే పీకెయ్యాలి" అన్నావు. నేను నోరెత్తలేదు. అదే రోజు మా ఆర్మీ అకాడమీ వాళ్లకి లూసియానా స్టేట్ యూనివర్సిటీ 62-0తో గుండు కొట్టింది మరి. గుండు చేయించుకుని వచ్చినవాడు పక్కవాడి క్రాపు గురించి ఏం మాట్లాడతాడు?

మీ అబ్బాయి వేసవిలో అనాపోలిస్‌లోని నేవీ అకాడమీలో చేరాక నువ్వీ ఆట చూడ్డం మొదలెట్టావు. నేను ఈ ఊళ్లో ఉద్యోగానికొచ్చిన దగ్గర్నుంచీ వంతెన దాటి ఆర్మీ అకాడమీ ఉన్న వెస్ట్ పాయింట్‌కి వెళ్తూనే ఉన్నాను. కొత్త కోచ్ మొదటి ఏడాదిని ఎలా చూడకూడదో నాకు బాగా తెలుసు. ఆ తప్పు చేసినవాణ్ణి కదా.

2014లో మాకు కోచ్‌గా జెఫ్ మాంకెన్ వచ్చాడు. సెప్టెంబర్లో యేల్‌తో ఆట ఉంటే న్యూ హేవెన్ దాకా కారేసుకుని పోయాను. ఆటగాళ్లకి స్కాలర్‌షిప్పులు కూడా ఇవ్వని కాలేజీ అది. వాళ్ల చేతిలో అదనపు సమయంలో 49-43తో ఓడాం. కడుపు మండి, ఆటయ్యాక పాడే కాలేజీ పాటలకైనా ఆగకుండా వచ్చేశాను. ఆ ఏడు 4-8, అంటే నాలుగు గెలిచి ఎనిమిది ఓడాం; మరుసటి ఏడు 2-10. ఇక వీడి వల్ల కాదని సీజన్ టికెట్లు వదిలేశాను. 2016లో పద్నాలుగేళ్ల వరస ఓటముల తరవాత మావాళ్లు మీ నేవీని 21-17తో కొట్టారు. దాన్ని నేను సోఫాలో కూచుని చూశాను! మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

తరవాత ఆ 2-10 ఏడాదిని మళ్లీ తిరగేశాను. వేక్ ఫారెస్ట్‌తో 17-14, పెన్ స్టేట్‌తో 20-14, నేవీతో 21-17 ఓటములు. అన్నీ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చినవే. నేను మొత్తం లెక్క ఒక్కటే చూశాను, లోపల ఏముందో చూడలేదు. నువ్వూ ఇప్పుడు 3-4 అనే అంకె పట్టుకుని వేలాడుతున్నావు. డబ్లిన్‌లో నోటర్‌డామ్ 42-3తో తొక్కింది, నిజమే. కానీ మెంఫిస్‌తో పోయింది నాలుగు పాయింట్లే. వాగ్నర్‌కీ, షార్లెట్‌కీ ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. న్యూబెరీ ఇన్నాళ్లూ డిఫెన్స్ చూసుకున్నవాడు, ఆ చెయ్యి కనపడుతూనే ఉంది. కుంటుతున్నది అఫెన్స్, అంటే బంతితో ముందుకెళ్లే ఆట.

అది చూడ్డానికి బైనాక్యులర్స్ పట్టుకెళ్లు. బంతి ఎటు పోయిందని కాదు, ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ చేతుల్ని చూడు. బంతిని, దాన్ని పట్టుకుని దూసుకెళ్లే ఫుల్‌బ్యాక్ పొట్టకి ఆనించి, అవతలివాళ్లలో కావాలనే అడ్డుకోకుండా వదిలిన ఒకణ్ణి గమనిస్తాడు. వాడు ఫుల్‌బ్యాక్ మీదికి పోతే బంతి వెనక్కి లాక్కుంటాడు, లేకపోతే ఇచ్చేస్తాడు. అంతా రెప్పపాటులో అయిపోవాలి. ఎదటివాళ్ల కంటే తేలికైన కుర్రాళ్లతో నెట్టుకురావడానికి ఈ కాలేజీలు నమ్ముకున్న విద్య అదే. 2022లో రూలు మారి, మైదానం అంచుల్లో నడుం కిందికి పడి అడ్డుకోవడం కుదరకుండా పోయింది. దాంతో మావాళ్లూ ఈ ఏడు ఆట తీరు మార్చుకుని అవస్థ పడుతున్నారు. కాబట్టి బంతి ఇచ్చిపుచ్చుకోవడంలో సెప్టెంబర్లో తడబడితే క్షమించు. నవంబరు నెలాఖర్లోనూ అదే చోట, అలాగే బంతి జారిందనుకో, అప్పుడు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి తిడదాం.

ఇంకో సంగతి. వేరే కాలేజీలో కొత్త కోచ్ వస్తూ వస్తూ తయారైన ఆటగాళ్లని పదిచోట్ల నుంచి లాక్కొస్తాడు. ఇక్కడ అది కుదరదు. చదువయ్యాక కనీసం ఐదేళ్లు సైనిక కొలువు చెయ్యడానికి ఒప్పుకున్న పిల్లలే వస్తారు, వాళ్లకి సోమవారం పొద్దున లెక్కల క్లాసు తప్పదు. పాతాయన తరిగిపెట్టిన కూరలతోనే ఈయన వంట చెయ్యాలి.

బాబు దగ్గర మాత్రం కోచ్ మాట ఎత్తకు. నేవీ పాయింట్లు వేసినప్పుడల్లా మొదటి ఏడాది పిల్లలు గోల్ వెనక లెక్కప్రకారం దండీలు తియ్యాలని తెలుసుగా? ఎక్కువ తీసే భాగ్యం వాడికి దొరకట్లేదని వాడికీ బాధే ఉంటుంది. నిద్ర సరిపోతోందా, కాళ్లకి బొబ్బలు తగ్గాయా, ఇంతే అడుగు.

ట్రాఫిక్ అని నాలుగో క్వార్టర్‌లోనే లేచొచ్చేశావట. ఇకమీదట ఆ పని చెయ్యకు. ఆర్మీతో ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి ముందు ఓడినవాళ్ల విద్యార్థుల ఎదుట నిలబడతాయి, వాళ్ల కాలేజీ పాట అయ్యేదాకా. తరవాతే గెలిచినవాళ్ల వైపుకి వెళ్తాయి. గెలిచినవాడు టోపీ తీసి ఓడినవాడి పాట వింటాడన్నమాట. ఇన్నేళ్లూ టికెట్ డబ్బులు గిట్టాయని నాకనిపించేది ఆ ఐదు నిమిషాల్లోనే. యేల్ దగ్గర కోపంలో నడిచొచ్చేసినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

డిసెంబర్ 9న బోస్టన్ పక్కన ఫాక్స్‌బరోలో మనిద్దరికీ పోటీ. నేను నలుపూ బంగారు రంగూ స్వెటర్‌లో ఉంటాను, నీ నీలం టోపీ పెట్టుకుని నా పక్కనే కూచో, ఫరవాలేదు. పులిహోర నేను తెస్తాను, పార్కింగ్‌లో తిందాం. దద్దోజనం మాత్రం కట్టించకు, ఆ చలికి గడ్డకట్టుకుపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న