చలికాలంలో వస్త్రరహిత జీవనం: మూసిన గదిలో కుంపటి వద్దు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయస్సు 61. మాది పార్వతీపురం వైపు. ఉద్యోగ విరమణ తరువాత కోరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర స్లాబు ఇల్లు కట్టుకొని నేనూ, మా ఆవిడా ఉంటున్నాము. ఇంట్లోనూ, ఎత్తైన ప్రహరీ ఉన్న మా పెరట్లోనూ బట్టలు లేకుండా ఉండటం నాకు పదేళ్ళుగా అలవాటు. మా ఆవిడకు అభ్యంతరం లేదు. ఎవరైనా వస్తే వెంటనే పంచె కట్టుకుంటాను. పార్వతీపురంలో ఏనాడూ ఇబ్బంది పడలేదు గాని, ఇక్కడ మార్గశిరం నుంచి మాఘం దాకా చలికి తట్టుకోలేకపోతున్నాను. పోయిన ఏడాది రాత్రిళ్ళు తలుపులు, కిటికీలు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకున్నాను. వెచ్చగానే ఉండేది, కాని తెల్లవారి లేచేసరికి తల దిమ్ముగా ఉండి, కడుపులో తిప్పేది. ఆరేళ్ళుగా మధుమేహం ఉంది. ఈ అలవాటు మానుకోవలసిందేనా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, కోరాపుట్ జిల్లా

జవాబు: మానుకోనక్కరలేదు. మానుకోవలసింది కుంపటిని. మీ ఉత్తరం చదువుతూ నేను భయపడిన చోటు అదొక్కటే. తెల్లవారి తల దిమ్ముగా ఉండటం, కడుపులో తిప్పడం అనేవి బొగ్గు అరకొరగా కాలినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ మీ రక్తంలో చేరిందనడానికి గుర్తులు కావచ్చు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది గనుక, గదిలో కొద్దిగా చేరినా ఒంటికి అందవలసిన ఆక్సిజన్ అందకుండా పోతుంది. నిద్రలో ఉన్న మనిషికి దాని సంగతి తెలియదు. మత్తు ఇంకా పెరుగుతుందే తప్ప మెలకువ రాదు. పొగ రావడం లేదు కదా, నిప్పు కణకణలాడుతోంది కదా అని ధైర్యపడకండి. పొగ లేని నిప్పు కూడా ఈ వాయువును వదులుతుంది.

మా అమ్మమ్మ గారి పెంకుటింట్లో చలికాలమంతా కుంపటి ఉండేది, ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున్నే పెంకుల సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా నేల మీద పడటం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆ సందుల్లోంచే పొగతోపాటు ఈ విషవాయువూ బయటికి పోయేదని వైద్యం చదివాక గాని నాకు అర్థం కాలేదు. కోరాపుట్ కొండల్లోని ఆదివాసీల గడ్డి ఇళ్ళలోనూ పొయ్యి మీది పొగ కప్పులోంచి దారి చేసుకొని పోతుంది. స్లాబు వేసి, అద్దాల కిటికీలు బిగించిన గదికి ఆ దారి లేదు. ఇల్లు మారింది గాని కుంపటి అలవాటు మారలేదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. చలిమంట కాచుకోవాలనిపిస్తే పెరట్లో కాచుకోండి, లోపలికి వచ్చేముందు నీళ్ళు చల్లి పూర్తిగా ఆర్పేయండి. ఇకముందు గదిలో ఎవరికైనా అలాంటి తలనొప్పి, మత్తు కనిపిస్తే వెంటనే ఆరుబయటికి తీసుకువచ్చి 108కి ఫోను చేయాలి.

ఇక చలి సంగతి. బట్టలు లేకుండా ఊరికే కూర్చున్న మనిషికి వణుకూ చెమటా లేకుండా హాయిగా ఉండాలంటే చుట్టూ గాలి సుమారు 27 నుంచి 30 డిగ్రీల దాకా ఉండాలి. పార్వతీపురంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఆ వేడి దానంతటదే ఉంటుంది. మీరిప్పుడున్నది సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు దగ్గరగా ఉన్న పీఠభూమి మీద. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, మీ జిల్లాలోనే ఉంది. పుష్యమాసంలో తెల్లవారుజామున అక్కడి చలి పది డిగ్రీలకు దిగువకు పోవడం మామూలే. అందుచేత ఇల్లంతా వెచ్చబరచాలన్న ఆలోచన వదిలి, ఒక్క చిన్న గదిని ఎంచుకోండి. కదలని గాలిలో మన ఒంటి వేడి ఎక్కువ భాగం చుట్టూ ఉన్న చల్లని గోడల వైపు కిరణాల రూపంలో పోతుంది కాబట్టి, కిటికీలకూ బయటి గోడకూ మందపాటి తెరలు వేలాడదీస్తే హీటరు వేయకముందే తేడా తెలుస్తుంది. గచ్చు నేల మీద వట్టి కాళ్ళతో నిలబడకండి, వట్టి ఒంటితో సిమెంటు అరుగు మీద కూర్చోకండి. చెక్క పీటో, చాప మీద మడిచి పరచిన గొంగళో వేసుకోవాలి.

ఆ గదికి నూనె నింపిన రేడియేటర్ రకం హీటరు మంచిది. అందులో ఎర్రగా కాలే తీగ బయటికి కనిపించదు, గాలిని విసరదు. 2,000 వాట్లది రెండు గంటలు ఆగకుండా పనిచేస్తే నాలుగు యూనిట్లు కాలుతుంది. దానిని 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకే తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకూడదు. ఏ హీటరైనా ఒంటికి కనీసం మీటరు దూరంలో ఉండాలి, ఎందుకంటే మధ్యలో అడ్డుగా బట్ట లేదు. రోజూ దగ్గరగా కూర్చుంటే కాళ్ళ మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు పడతాయి. మీకు ఇంకొక జాగ్రత్త కూడా అవసరం: మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గి ఉంటే కాలుతున్నట్టు తెలియకుండానే బొబ్బలెక్కుతాయి. అందుకని వేడినీళ్ళ సంచి పాదాల దగ్గర పెట్టుకొని నిద్రపోవద్దు, రోజూ అరికాళ్ళు చూసుకోండి.

పగటి పూట ఎండ ఉండనే ఉంది. పొద్దున ఎనిమిదిన్నర దాటి మంచు విడిచాక, గాలి తగలకుండా ప్రహరీ గోడకు ఆనుకొని కూర్చుంటే, అప్పటికే కాగిన గోడ వీపుకు వెచ్చదనాన్నిస్తుంది. మామూలుగా ఎండ సోకని చర్మం త్వరగా కందిపోతుంది కనుక మొదటి వారం పావుగంటతో సరిపెట్టుకోండి. స్నానం చేసిన వెంటనే ఒళ్ళు పొడిగా తుడుచుకోవడం చాలా ముఖ్యం. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. వేడి వేడి చోడి అంబలి, మీ దగ్గర మండియా అంటారు కదా, పొద్దున్నే తాగడం మంచిదే. ఇప్పసారా తాగితే చలి పోతుందని ఎవరైనా చెబితే వినకండి. చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది.

వీటన్నిటి తరువాత కూడా చలేస్తే రగ్గు కప్పుకోండి. అలా కప్పుకోవడం మీ జీవన విధానానికి ద్రోహం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. మన పొరుగు మహారాష్ట్రలోని ఠాణేలో 1891లో క్రాఫర్డ్ అనే బ్రిటిష్ జడ్జి ముగ్గురు సభ్యులతో పెట్టుకున్న సంఘాన్ని ప్రపంచంలో తెలిసిన మొదటి నేచురిస్టు (వస్త్రరహిత జీవనం పాటించేవారి) సంఘంగా చెబుతారు. ఆ తరువాత ఈ పద్ధతి బాగా వేళ్ళూనుకున్న జర్మనీ వంటి శీతల దేశాలలో కూడా చలికాలం వస్తే నేచురిస్టులు వెచ్చని ఈతకొలనులకూ, ఒంటికి వేడి పట్టించే సానా గదులకూ చేరతారు తప్ప మంచులో వణుకుతూ కూర్చోరు. ఒంటిని ఉన్నదున్నట్టుగా గౌరవించడమే మీ ఉద్దేశమైనప్పుడు, ఆ ఒళ్ళు వణికి చెబుతున్న మాటను వినాలి. టోపీ, మేజోళ్ళు, ఒక శాలువ ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, వేళ్ళు మొద్దుబారినా వెంటనే దుస్తులు వేసుకొని వేడిగా ఏదైనా తాగాలి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గడం ప్రాణాపాయం. అరవై దాటినవారిలో అది చడీచప్పుడు లేకుండా వస్తుంది.

ప్రహరీ మాటకు మెచ్చుకుంటున్నాను. బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగించే అసభ్య చర్యలు భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద నేరం. పక్కింటి మేడ మీదినుంచి మీ పెరడు కనిపించకుండా ఒక తడిక కూడా కట్టించండి.

ప్రశ్న: నా వయస్సు 43. మా వారూ, నేనూ ఇంట్లో వస్త్రరహితంగా ఉంటాము. ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టిస్తే చలి ఆగుతుందంటారు, నిజమేనా? ఆయనకు హాయిగా ఉన్న గదిలోనే నా చేతులు, కాళ్ళు మంచుగడ్డల్లా అవుతున్నాయి.
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: నూనె చలిని ఆపదమ్మా. చర్మం పగలకుండా, దురద పెట్టకుండా కాపాడుతుంది, మర్దన చేసినంతసేపు రక్తం పారి వెచ్చగా ఉంటుంది. నూనె పొర మీదుగా వేడి పోతూనే ఉంటుంది. అయితే ఒకే గదిలో మీకు మాత్రమే చలి వేయడాన్ని ఆడవాళ్ళకు మామూలే అని వదిలేయకండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ మందగించినా ఇలాగే ఉంటుంది. హిమోగ్లోబిన్ పరీక్ష, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకొని, ఫలితాలు మీ డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా పొద్దు వాలగానే ఊలు మేజోళ్ళు తొడుక్కొని, శాలువ కప్పుకొని కూర్చోండి.