‘బ్లేడ్ రన్నర్’ చివర్లో గాఫ్ అన్న మాట బెదిరింపా, జాలా?

‘పాపం, ఆమె బతకదు. అయినా ఎవరు మాత్రం బతుకుతారు?’ అని ఈ సినిమాలో పోలీసు గాఫ్, రెప్లికెంట్లను (మనుషుల్లాగే తయారుచేసిన కృత్రిమ జీవులను) వేటాడే డెకార్డ్‌తో అనే మాట గురించే ఈ ప్రశ్న. ‘ఆమె’ అంటే డెకార్డ్ ప్రేమించిన రెప్లికెంట్ రేచల్. నాకైతే అది జాలే.

1982లో థియేటర్లలోకి వచ్చిన వెర్షన్‌లో పెద్దగా చిక్కు లేదు. గాఫ్ వచ్చి రేచల్‌ను ప్రాణాలతో వదిలేశాడని, మిగతా రెప్లికెంట్లకున్న నాలుగేళ్ల ఆయుష్షు గడువు ఆమెకు లేదని డెకార్డే వాయిస్ ఓవర్‌లో చెప్పేస్తాడు. 1992 డైరెక్టర్స్ కట్‌లో ఆ వాయిస్ ఓవర్ తీసేసి, డెకార్డ్‌కు యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) కల వచ్చే సీన్ కలిపారు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది. లిఫ్ట్ వైపు వెళ్తుంటే రేచల్ కాలు తగిలి ఒక చిన్న కాగితం బొమ్మ పడిపోతుంది. డెకార్డ్ తీసి చూస్తే గాఫ్ మడిచిన యూనికార్న్! సరిగ్గా అప్పుడే ఆ మాట మళ్లీ వినిపిస్తుంది. అతని కల గాఫ్‌కెలా తెలుసు? డెకార్డ్ కూడా రెప్లికెంటే అయితే, ఆ ‘ఎవరు’లో అతనూ ఉన్నట్టే. దర్శకుడు రిడ్లీ స్కాట్ అవుననే అన్నారు. హీరో హారిసన్ ఫోర్డ్ మాత్రం చాలాకాలం డెకార్డ్ మనిషేనని వాదించారు.

ఏదైనా కానీ, చంపాలనుకున్నవాడు ఇంటిదాకా వచ్చి, బొమ్మ పెట్టి ఊరికే వెళ్లిపోడు కదా. అందుకే బెదిరింపు అనే వాదన నాకు నిలబడదనిపిస్తుంది.