గిటార్ అటకెక్కించాను, తప్పు చేశానా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, హాస్టల్లో ఉంటాడు. దసరా సెలవులకు వచ్చి 'ఆల్మోస్ట్ ఫేమస్' అనే ఇంగ్లిష్ సినిమా చూశాడు. అప్పట్నుంచీ ఇంజినీరింగ్ వద్దు, మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా చేస్తానంటున్నాడు. కోపమొచ్చి గిటార్ అటక మీద పెట్టేశాను. ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. బీటెక్ మంచిదా, ఆ డిప్లొమా మంచిదా? పోల్చి చెప్పండి.
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు కోర్సుల గురించి. ఉత్తరంలో నాకు ఎక్కువగా వినిపించింది మాత్రం ఆ ముక్తసరి ఫోన్. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఒకసారి క్రికెట్, ఒకసారి యూట్యూబ్ చానెల్, ఈసారి గిటార్. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) సంగతులు నేను చెప్పక్కర్లేదు, మీవాడి హాస్టల్ గోడలే చెబుతుంటాయి. ముందు ఆ సినిమా సంగతి చూద్దాం. మీరు చూడలేదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

2000లో కామెరాన్ క్రో తీసిన సినిమా అది. కథ అమెరికాలో, 1973లో. విలియమ్‌కి 15 ఏళ్లు. తల్లి కాలేజీలో పాఠాలు చెబుతుంది, కొడుకు లాయర్ కావాలని ఆవిడ కోరిక. ఇంట్లో రాక్ పాటలకు చోటు లేదు. అక్క పోట్లాడి ఇల్లు విడిచి వెళ్తూ తన రికార్డులన్నీ తమ్ముడికి వదిలిపోతుంది. వాటిని వింటూ పెరిగిన పిల్లాడు చివరికి ఏమవుతాడు? గిటారిస్టు కాదు. సంగీతం మీద రాసే విలేకరి అవుతాడు! మీవాడు ఇది గమనించాడో లేదో అడగండి. క్రీమ్ అనే రాక్ సంగీత పత్రికలో ఉన్న విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ వాడికిచ్చే మొదటి పని బ్లాక్ సబాత్ బృందం మీద 1000 పదాలు, కూలి 35 డాలర్లు. తర్వాత రోలింగ్ స్టోన్ పత్రిక కోసం ఒక బృందం వెంట ఊరూరా తిరుగుతాడు. తీరా వ్యాసం ఇచ్చాక పత్రికవాళ్లు నిజానిజాలు సరిచూస్తుంటే, స్నేహంగా ఉన్న ఆ పాటగాళ్లే అవేమీ జరగలేదని బుకాయిస్తారు, వ్యాసం ఆగిపోతుంది. ఆ పని ఎంత కష్టమో ఆ ఒక్క ఘట్టంలో కనిపిస్తుంది. ఇదంతా దర్శకుడు తన కుర్రతనం నుంచి తీసుకున్నదే. 1973లో ఆయన నిజంగానే రోలింగ్ స్టోన్ తరఫున ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ వెంట తిరిగాడు. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది. అంత పేరొచ్చిన సినిమా థియేటర్లలో పెట్టుబడి కూడా రాబట్టుకోలేదు. ఆ మాట కూడా వాడి చెవిన వేయండి.

ఇప్పుడు మీ వంతు, కాస్త కటువుగానే ఉంటుంది. ఆ సినిమాలో తల్లి మీకంటే మొండిది. నా కొడుకుని రాక్ స్టార్లు ఎత్తుకుపోయారని క్లాసులోనే వాపోతుంది. అయినా మొదటి కచేరీకి కారులో తనే దింపి వస్తుంది, మత్తుమందుల జోలికి పోవద్దని నలుగురూ వినేలా అరిచి మరీ. తర్వాత ఫోన్ మీద ఫోన్ చేస్తుంది. భయం ఆవిడకీ ఉంది, కానీ కొడుకు ఎక్కడ ఉన్నాడో ఆవిడకు తెలుసు. మీరేమో పిల్లాడు హాస్టల్‌కి వెళ్లగానే వాడి వస్తువుని అటకెక్కించి, ఇప్పుడు నాకు ఉత్తరం రాస్తున్నారు. 'గిటార్ ఎక్కడ' అని వాడు అడగడం మానేసిన రోజున అసలు ఇబ్బంది మొదలవుతుంది.

అలాగని నేను డిప్లొమా పక్షం కాదు. ఈ మ్యూజిక్ ప్రొడక్షన్, సౌండ్ ఇంజినీరింగ్ ప్రైవేటు కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. కొన్నిచోట్ల లక్షల్లో ఫీజు, చేతికొచ్చేది ఆ సంస్థ సొంత సర్టిఫికెట్. డిగ్రీ అడిగే ఏ ఉద్యోగానికీ అది పనికిరాదు. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి పొలం కుదువపెట్టి కొడుకుని చేర్పించాడు. ఏడాదిలో ఆ అబ్బాయి మిక్సింగ్ కన్సోల్ (పాటలోని శబ్దాలను కలిపే యంత్రం) ముందు సొంతంగా కూర్చున్నది వేళ్ల మీద లెక్కపెట్టేంత. నేర్చుకున్న మిగతాదంతా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే వచ్చేదే. ఇప్పుడు పెళ్లిళ్లకు సౌండ్ పెడుతున్నాడు, బాగానే సంపాదిస్తున్నాడు. కాకపోతే ఆ పని నేర్పింది కోర్సు కాదు, ఒక సౌండ్ సిస్టమ్ ఓనరు. చేర్చాలనే అనుకుంటే ముందు అడగాల్సింది ఒక్కటే: కిందటి బ్యాచ్‌లో నలుగురి ఫోన్ నంబర్లు ఇమ్మనండి. నసిగితే లేచి వచ్చేయండి.

పోల్చమన్నారు కదా, క్లుప్తంగా చెబుతాను. పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సుకు ఏదో ఒక డిగ్రీ ఉండాలి, అది బీటెక్ అయినా ఫరవాలేదు. బీటెక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచిలో చదివే సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే శబ్దం లాంటి సంకేతాలను లెక్కలతో మార్చే విద్య మీదే ఆడియో సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయి. అంటే డిగ్రీ పూర్తి చేసినంత మాత్రాన సంగీతం తలుపు మూసుకుపోదు. మీవాడికి వాయించడమే ఇష్టమైతే ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల రాక్ అండ్ పాప్ గ్రేడ్ పరీక్షలున్నాయి, ఇంటర్ చదువుతూనే రాయొచ్చు. పూర్తిగా సంగీతమే అంటే చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి ఉన్నాయి. అక్కడికి సినిమా చూసిన ఉత్సాహంతో వెళ్తే చాలదు, సాధనతో వెళ్లాలి.

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఏదీ తేలిపోదమ్మా. నిర్ణయానికి ఇంకా ఏడాదిన్నర టైముంది. ఈలోగా వాడికో పని అప్పజెప్పండి. సంక్రాంతి సెలవుల్లో ఒక పాట మొదలు నుంచి చివరిదాకా రికార్డు చేసి వినిపించాలి, లేదా తనకు నచ్చిన బృందం మీద 1000 పదాలు రాసి చూపించాలి. తెలుగైనా సరే, ఇంగ్లిషైనా సరే. పూర్తి చేస్తే మనం మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. సగంలో వదిలేస్తే తిట్టొద్దు, ఎందుకు వదిలేశావని మాత్రం అడగండి. చాలామంది పిల్లలు ఆ ప్రశ్న దగ్గరే తమకేం కావాలో వాళ్లే చెప్పేస్తారు.

ఆ సినిమా ఇద్దరూ కలిసి చూడండి. మత్తుమందులూ, మీకు ఇబ్బందిగా ఉండే సన్నివేశాలూ ఉన్నాయి. అవి వచ్చినప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లిపోకండి. ఈలోగా గిటార్ దింపండి. తీగలు తుప్పు పట్టి ఉంటే కొత్త సెట్ కొన్ని వందల్లో వస్తుంది. వేయించి, ఈ ఆదివారం ఫోన్లో ఆ సంగతి వాడికి చెప్పండి.