జపాన్‌లో ఒన్సెన్ తొట్టిలోకి దిగే ముందే ఒళ్లు ఎందుకు కడుక్కోవాలి?

ఒన్సెన్ అంటే వేడి నీటి ఊట, ఆ నీటితో నడిచే స్నానశాల కూడా. అక్కడి తొట్టి ఉన్నది ఒళ్లు రుద్దుకోవడానికి కాదు, నానడానికి. అందరూ అదే నీటిలో కూర్చుంటారు కాబట్టి, పక్కనున్న కుళాయిల దగ్గర చిన్న పీట మీద కూర్చుని, సబ్బు నురగ పూర్తిగా పోయేదాకా కడుక్కున్నాకే, బట్టలు లేకుండా దిగాలి. ఆడవారికీ మగవారికీ తొట్లు సాధారణంగా వేరు. చేతి తువ్వాలు నీటికి తగలకుండా చాలామంది దాన్ని మడిచి నెత్తిన పెట్టుకుంటారు.

1948 నాటి చట్టం ప్రకారం ఊట నీరు కనీసం 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, నిర్దేశించిన 19 పదార్థాలలో ఒక్కటి తగినంత ఉన్నా ఒన్సెనే. అంటే చల్లటి ఊటకూ ఆ పేరు దక్కవచ్చు. కుసత్సు అనే ఒన్సెన్ ఊరిలో మాత్రం నీరు మరీ వేడి కనుక, చన్నీళ్లు కలిపితే ఖనిజాలు పలచబడతాయని, పొడవాటి చెక్క పలకలతో కలియబెట్టి చల్లార్చే పద్ధతి ఏర్పడింది.

ర్యోకాన్ అనే సంప్రదాయ సత్రంలో దిగితే, అక్కడిచ్చే యుకాతా అంగీని ఎడమ అంచు పైకి వచ్చేలా చుట్టుకోవాలి. కుడి అంచు పైకి వేయడం శవానికి తొడిగే తీరు.