పాఠకుల ప్రశ్నలు: మీ తెరపై ఇంకో అకౌంటు ప్రోగ్రాం

ప్రశ్న: లినక్స్ మింట్ వాడుతున్నాను. ఇంటర్నెట్ కోసమని 'నెట్' పేరుతో వేరే అకౌంటు పెట్టాను. నా టెర్మినల్లోంచే ఎస్‌యూతో అందులోకి మారి ఫైర్‌ఫాక్స్ నడిపితే డిస్‌ప్లే తెరవలేనంటోంది. 'ఎక్స్‌హోస్ట్ ప్లస్' కొట్టమన్నారు, కొట్టాక పనిచేసింది. అలాగే ఉంచేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఉంచొద్దు. ముందు 'ఎక్స్‌హోస్ట్ మైనస్' కొట్టండి. ఉత్త ప్లస్ అంటే ఈ మిషన్‌లో ఉన్న ప్రతి అకౌంటుకూ మీ తెర తలుపు తీసినట్టే.

మీ తెరను నడిపేది ఎక్స్ సర్వర్. అది 128 బిట్ల కుకీ (ఒక రహస్య సంఖ్య) చూపిస్తేనో, అనుమతి జాబితాలో పేరు ఉంటేనో లోపలికి రానిస్తుంది. ఆ జాబితాను మార్చే కమాండే ఎక్స్‌హోస్ట్. ఆ కుకీ మీ హోం ఫోల్డర్లో, చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ ఫైల్లో ఉంటుంది. దాని పర్మిషన్ 600, మీరు తప్ప నెట్ చదవలేడు. మీ పని ఆగింది అక్కడే.

కాబట్టి ఆ ఒక్క పేరుకే అనుమతి ఇవ్వండి. మీ సొంత టెర్మినల్లో, ఎస్‌యూ చేయకముందే, ఎక్స్‌హోస్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ప్లస్, ఎస్ఐ, కోలన్, లోకల్‌యూజర్, కోలన్, నెట్ అని మధ్యలో ఖాళీల్లేకుండా రాయండి. తర్వాత ఉత్త ఎక్స్‌హోస్ట్ కొడితే జాబితాలో ఆ పేరు కనిపించాలి. లాగౌట్ అయితే ఇది పోతుంది, మళ్లీ ఇవ్వాలి. ప్లస్ బదులు మైనస్ పెడితే వెంటనే రద్దవుతుంది, కానీ అప్పటికే తెరిచిన కిటికీలు మూసుకోవు.

ఎస్‌యూ పక్కన హైఫన్ మరవకండి. లేకపోతే మీ ఎన్విరాన్‌మెంట్ (మీ ఫోల్డర్ల దారుల్లాంటి సెట్టింగులు) వెంట వచ్చి, ప్రోగ్రాం మీ ఫోల్డర్లలో రాయబోయి పర్మిషన్ లేదంటుంది. హైఫన్ పెడితే ఏ తెర వాడాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్ కూడా పోతుంది, దాన్ని నెట్‌లోకి మారాక ఎక్స్‌పోర్ట్ కమాండుతో మళ్లీ ఇవ్వాలి. విలువ మామూలుగా కోలన్ సున్నా, మీ టెర్మినల్లో ఎకోతో సరిచూసుకోండి. శబ్దం రాకపోవచ్చు: శబ్దం వెళ్లే దారి అయిన సౌండ్ సాకెట్ మీ రన్‌టైం ఫోల్డర్లో ఉంటుంది, ఎక్స్‌హోస్ట్‌తో దానికి సంబంధం లేదు.

అసలు జాగ్రత్త ఇది. నెట్ టెర్మినల్లో, నొక్కిన కీలను చూపించే ఎక్స్‌ఇన్‌పుట్‌ను టెస్ట్-ఎక్స్ఐ2, రూట్ ఆప్షన్లతో నడిపి, మీ సొంత కిటికీలో 'ఏ' అక్షరం నొక్కండి. అక్కడ ఆ కీ నంబరు 38 అని పడుతుంది. అంటే తెర అనుమతి ఇచ్చిన అకౌంటు మీ పాస్‌వర్డు కూడా చదవగలదు! ఫైళ్లు మాత్రమే కాపాడుకోవాలంటే పై పద్ధతి సరిపోతుంది. బ్యాంకు పాస్‌వర్డు కాపాడుకోవడానికే ఈ అకౌంటు పెట్టుంటే, స్విచ్ యూజర్‌తో నెట్‌కు విడిగా లాగిన్ అవ్వండి. రెండో సెషన్‌కు వేరే ఎక్స్ సర్వర్ ఉంటుంది, మీ కీలు దానికి అందవు.